ఎల్ అలమైన్: రోమెల్‌ను ముంచింది ఇటాలియన్లేనా?

పాతపటాలు

మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర యుద్ధాల మాట వచ్చింది. ఒక పెద్దాయన ధీమాగా అన్నారు: "పక్కన ఇటాలియన్లు లేకపోయుంటే రోమెల్ 1942లోనే కైరోలో కూర్చునేవాడు. వాళ్ళు చేతులెత్తేయబట్టి ఓడాడు." చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. ఈ మాట నేను ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. అక్కడ ఆకు ముందు వాదన పెట్టుకోవడం బాగుండదని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ వాళ్ళ మీద పోరాడి, ఈజిప్టులోని ఎల్ అలమైన్ దగ్గర ఓడిన జర్మన్ సేనాపతి రోమెల్. ముందు ఆయన సైన్యం పేరు చూడండి. 1942 జనవరి 30 నుంచి దాన్ని పాంజర్ ఆర్మీ ఆఫ్రికా అన్నారు, పాంజర్ అంటే ట్యాంకు. అదే ఏడాది అక్టోబరుకు దాని పేరు జర్మన్-ఇటాలియన్ పాంజర్ ఆర్మీగా మారింది. అందరూ చెప్పుకునే ఆఫ్రికా కోర్ అందులో ఒక ముక్క. 15వ, 21వ పాంజర్ డివిజన్లే దానికి ప్రాణం. వాటి పక్కన 90వ లైట్ డివిజన్, ఆ తరవాత 164వ లైట్ డివిజన్, రామ్‌కే పారాచూట్ బ్రిగేడ్ వచ్చాయి. జర్మన్ల వైపు దాదాపు అంతే. మిగతా సైన్యం ఎవరిది? ఆరియెతే, లిత్తోరియో ట్యాంకు డివిజన్లు, ట్రియెస్తే మోటారు డివిజన్, ఫోల్గొరే పారాచూట్ డివిజన్, బ్రెషా, పావియా, బొలోన్యా, ట్రెంటో పదాతి డివిజన్లు, అన్నీ ఇటాలియన్లవే. అలమైన్‌లో చివరి పోరుకు నిలబడిన రోజున తలలు లెక్కపెడితే సగానికి పైగా ఇటాలియన్లే. ట్యాంకుల్లోనూ సగానికి పైగా వాళ్ళవే. పేరుకు రోమెల్ మీద అధికారం కూడా ఇటలీదే. లిబియాలో గవర్నరు బాస్తికో, రోములో సైన్యాల అధిపతి కవల్లెరో.

నా వాదన ఇది. ఇటాలియన్ల వల్ల రోమెల్ ఓడిపోలేదు. వాళ్ళు లేకపోతే లిబియాలోని గజాలా దాటి అడుగు పడేది కాదు. ఓటమికి కారణం వెతకాలంటే 1942 జూన్ ఆఖరి వారంలో తీసుకున్న నిర్ణయాల్లో వెతకాలి. కాదనేవాళ్ళు ఆధారాలతో రండి, వింటాను.

ఉక్కుగుర్రం

పాతపటాలు గారూ, మీరు చెప్పిన పేర్లన్నీ ఒప్పుకుంటాను. తలలు లెక్కపెట్టడంతోనే పేచీ. సైన్యంలో ఎంతమంది ఉన్నారని కాదు, ఎంతమంది నిలబడ్డారని అడగాలి.

1940 డిసెంబరు నుంచి 1941 ఫిబ్రవరి దాకా చూడండి. బ్రిటిష్ సేనాపతి ఓ'కానర్ దగ్గర ముప్ఫై ఆరు వేలమంది మాత్రమే ఉంటే ఇటలీ పదో సైన్యం మొత్తం కరిగిపోయింది. లక్షా ముప్ఫై వేలమంది ఖైదీలు. అసలు రోమెల్ ట్రిపోలీలో దిగిందే (1941 ఫిబ్రవరి 12) ఆ పతనం వల్ల. సరే, అది పాత కథ అనుకుందాం. 1942 జూలై 10న అలమైన్‌కు పడమట, సముద్రం పక్కన తెల్ ఎల్ ఈసా దగ్గర ఏమైంది? తెల్లవారుజామున ఆస్ట్రేలియన్లు కొట్టిన దెబ్బకు ఇటాలియన్ల సబ్రాతా డివిజన్ చెల్లాచెదురైంది. రోమెల్ దక్షిణాన దాడికి పెట్టుకున్న బలగాన్ని తీసుకొచ్చి ఆ కన్నం పూడ్చాల్సి వచ్చింది. ఆ నెలంతా ఇదే తంతు. బ్రిటిష్ వాళ్ళు ఇటాలియన్ డివిజన్లను ఏరి ఏరి కొట్టారు, జర్మన్లు పరుగులు పెట్టి పూడ్చారు. పక్కవాడు ఎప్పుడు కూలతాడో తెలియకపోతే ఏ సేనాపతి దాడి చేయగలడు?

ఇటాలియన్ సైనికుడి మీద నాకు ద్వేషం లేదు. కానీ జాలి వేరు, లెక్క వేరు.

పాతపటాలు

లెక్కే చూద్దాం. సబ్రాతా సంగతి నిజం, దాచను. మరి మిగతావి?

1941 నవంబరు 19, బీర్ ఎల్ గుబీ. క్రూసేడర్ అని పేరు పెట్టిన బ్రిటిష్ దాడి మొదలైన మర్నాడు. బ్రిటిష్ 22వ ఆర్మర్డ్ బ్రిగేడ్, అదే పేరున్న కొత్త క్రూసేడర్ ట్యాంకులతో, ఆరియెతే మీదికి దూసుకెళ్ళింది. ఇటాలియన్లే కదా అన్న తేలికభావంతో పదాతి దళం తోడు లేకుండా, ఫిరంగుల అండ సరిగ్గా లేకుండా వెళ్ళారు. పదుల సంఖ్యలో ట్యాంకులు పోగొట్టుకుని వెనక్కి తిరిగారు.

1942 మే చివర గజాలా. రోమెల్ ఎడారి చుట్టూ తిరిగి బ్రిటిష్ లైను వెనక్కి వెళ్ళి ఇరుక్కుపోయాడు. ముందు శత్రువు, వెనక మందుపాతరల పొలం, పెట్రోలు లేదు, నీళ్ళు అడుగంటాయి. ఆ మందుపాతరల మధ్య పడమటి వైపు నుంచి దారి తెరిచింది ట్రియెస్తే డివిజనూ, ఇటాలియన్ పదో కోర్ వాళ్ళూ. ఆ సందులోంచే లారీలు వచ్చాయి. ఆ దారి పడకపోతే ఆఫ్రికా కోర్ జూన్ చూసేది కాదు. ఉత్తరాన గజాలా లైను ముందు బ్రిటిష్ డివిజన్లను కదలకుండా పట్టి ఉంచింది కూడా ఎక్కువగా ఇటాలియన్ కాలిబంట్లే. పటం మీద రోమెల్ గీసిన ఆ అందమైన వంపుగీత ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. ఆ గీతకు ఇరుసు ఎక్కడుందో ఎవరూ చూడరు.

ఇక వాళ్ళ చేతికి ఏమిచ్చారో చూడండి. ఎం13/40 ట్యాంకు. పద్నాలుగు టన్నుల బండికి 125 గుర్రాల డీజిల్ ఇంజన్. ఎడారిలో ఇసుక మింగి మింగి రొప్పేది. కవచం రేకులను వెల్డింగ్ చేయలేదు, రివెట్లతో బిగించారు. బయట గుండు తగిలితే రేకు చిల్లు పడకపోయినా రివెట్టు తల తెగి లోపలికి తుపాకీ గుండులా వస్తుంది. లోపల నలుగురు మనుషులు, మోకాళ్ళు చాపుకునే చోటు లేదు. ముందు భాగానికి ఇసుక బస్తాలు కట్టుకునేవారు, ఆ బరువుకు ఇంజన్ ఇంకా నలిగేది. మొదట్లో చాలా ట్యాంకుల్లో రేడియో కూడా లేదు, జెండాలు ఊపుకోవాలి. 1940లో దాని 47 మిల్లీమీటర్ల ఫిరంగి చెడ్డదేమీ కాదు. 1942 నవంబరులో అదే బండితో అమెరికా షెర్మన్ ట్యాంకు ఎదుట నిలబడమన్నారు.

తిండి సంగతి కూడా ఒక్క ముక్క. ఇటాలియన్ల డబ్బా మాంసం మీద ఏ, ఎం అని రెండు అక్షరాలు ఉండేవి, సైనిక పరిపాలన అని అర్థం. జర్మన్ సైనికులు దాన్ని "ఆల్టర్ మాన్" అన్నారు, ముసలోడు అని. ఇటాలియన్లు "అరాబో మోర్తో" అన్నారు, చచ్చిన అరబ్బు అని. ఆ డబ్బా తిని, ఆ బండెక్కి, అధికారులకు వేరే వంట వండే సైన్యంలో ఉండి కూడా ఆరియెతే వాళ్ళు పోరాడారు. దీన్ని జాలి లెక్కలో వేయకండి గుర్రం గారూ.

లెక్కలమాస్టారు

మీరిద్దరూ మనిషి ధైర్యం దగ్గర ఆగిపోయారు. నేను లారీల దగ్గర మొదలుపెడతాను.

ట్రిపోలీ నుంచి బెంఘాజీ వెయ్యి కిలోమీటర్లు. బెంఘాజీ నుంచి అలమైన్ ఇంకో వెయ్యి. కలిపితే హైదరాబాదు నుంచి ఢిల్లీ దూరం కంటే ఎక్కువ. చెప్పుకోదగ్గ రైలు లేదు. సముద్రం ఒడ్డునే ఒకే ఒక తారు రోడ్డు, దాని మీద పగలంతా విమానాల దాడి. లారీ నిండా పెట్రోలు డబ్బాలు వేసుకుని బయల్దేరితే, అది వెళ్ళి రావడానికి తాగేది కూడా ఆ పెట్రోలే. దూరం పెరిగిన కొద్దీ ముందుకు చేరేది తగ్గిపోతుంది. 1941లోనే ఆ సైన్యానికి నెలకు 70,000 టన్నులు కావాలన్నారు. తూర్పు లిబియాలోని తోబ్రుక్ రేవు చేతికొచ్చాక సమస్య తీరిందని చాలామంది రాస్తారు. కాగితం మీద ఆ రేవు సామర్థ్యం రోజుకు 1,500 టన్నులు. నిజంలో 600 దాటడమే గగనం. లోపల మునిగిన ఓడలు, పైన బాంబులు.

ఇక్కడ ఇంకో అపోహ. "ఓడలన్నీ మునిగిపోయాయి, ఇటాలియన్ నౌకాదళం కాపాడలేదు" అంటారు. ఆఫ్రికా యుద్ధకాలం మొత్తం మీద ఇటలీ నుంచి బయల్దేరిన సరుకులో నూటికి ఎనభైకి పైగా లిబియా ఒడ్డుకు చేరింది. చాలామంది ఇటాలియన్ నావికులు ప్రాణాలిచ్చి చేర్చారు. చేరింది రేవుకు. రేవు నుంచి ట్యాంకు దాకా చేర్చడమే ఎవరి వల్లా కాలేదు.

1942 ఆగస్టు 30న అలమైన్ దగ్గరే అలమ్ హల్ఫా మీద దాడి మొదలైనప్పుడు రోమెల్ దగ్గర కొద్ది రోజులకు సరిపడా పెట్రోలే ఉంది. అక్టోబరు 26న ప్రొసెర్పినా అనే టాంకరు తోబ్రుక్ దగ్గరకొచ్చి మునిగింది. గమనించండి, నడి సముద్రంలో కాదు, వాకిట్లో మునిగింది. నా లెక్కలో ఇది ఇటాలియన్ల తప్పూ కాదు, రోమెల్ ఒక్కడి తప్పూ కాదు. ఆ దూరంలో ఎవరు నిలబడ్డా ఓడేవారే.

ఉక్కుగుర్రం

మాస్టారూ, దూరమే అన్నిటికీ కారణమైతే అది రోమెల్‌కు తెలియదా? తెలిసి కూడా ఎందుకు వెళ్ళాడో చూడాలి.

1942 జూన్ 21న తోబ్రుక్ పడింది. ముప్ఫై వేలకు పైగా ఖైదీలు. మర్నాడే ఆయన ఫీల్డ్ మార్షల్. ముందు అనుకున్న పథకం ప్రకారం అక్కడ ఆగాలి, విమానాలన్నీ సరఫరా ఓడలను వేటాడే బ్రిటిష్ స్థావరం మాల్టా మీదికి మళ్ళాలి, ఆ ద్వీపాన్ని పట్టాక ఈజిప్టులోకి పోవాలి. జర్మన్ ఫీల్డ్ మార్షల్ కెసెల్‌రింగ్ అదే పట్టుబట్టాడు. రోమెల్ కాదన్నాడు. ఎదుట బ్రిటిష్ ఎనిమిదో సైన్యం చెదిరిపోయి ఉంది. నెల రోజులు టైమిస్తే అమెరికా నుంచి కొత్త ట్యాంకులు వస్తాయి. నిజంగానే వచ్చాయి. తోబ్రుక్‌లో చేతికి చిక్కిన లారీలు, పెట్రోలు, రేషన్లు ఆయన ముందున్నాయి. అలాంటి క్షణంలో ఆగితే చరిత్ర తిట్టేది. ముస్సోలినీ ఒప్పుకుని, కైరో ప్రవేశం కోసం జూన్ 29న స్వయంగా లిబియాలో దిగాడు. ఇది రోమెల్ ఒక్కడి మొండితనం అంటే నేనొప్పుకోను.

అలమైన్‌లో జూలై 1న ఆయన కొంచెంలో తప్పిపోయాడు. చాలా కొంచెంలో.

పాతపటాలు

ఆ "కొంచెం" ఏమిటో చెప్పాలి, ఎందుకంటే అందులో మనవాళ్ళున్నారు.

జూలై 1 ఉదయం ఆఫ్రికా కోర్‌లో మిగిలిన ట్యాంకులు 55. రెండు పాంజర్ డివిజన్లు కలిపి 55! దారిలో దేయిర్ ఎల్ షెయిన్ అనే పల్లం. అక్కడ శత్రువు ఉన్నట్టు రోమెల్‌కు తెలియదు. ఇరాక్ నుంచి హడావుడిగా తెచ్చిన 18వ ఇండియన్ బ్రిగేడ్ అక్కడ దిగి మూడు నాలుగు రోజులే అయింది. బండరాయి నేల, కందకం తవ్వుదామంటే గునపం దిగదు. చేతిలో కొద్దిపాటి ఫిరంగులు. సాయంత్రానికి ఆ బ్రిగేడ్ తుడిచిపెట్టుకుపోయింది. కానీ రోమెల్ 18 ట్యాంకులు అక్కడే ఆగిపోయాయి, ఒక రోజంతా పోయింది. మిగిలినవి 37. ఆ 37తో అలెగ్జాండ్రియా పట్టలేరు.

కాబట్టి గుర్రం గారూ, జూన్‌లో ఆయన ముందున్నది "చెదిరిన శత్రువు" అన్న బొమ్మ ఒక్కటే. తన సైన్యం ఎంత చితికిందో ఆయన చూడలేదు. మాల్టా మీద దూకడానికని తర్ఫీదు పొందిన ఫోల్గొరే డివిజన్‌ను చివరికి పారాచూట్లు తీసేసి, లారీలు లేకుండా అలమైన్ దక్షిణాన రాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. ఆ నిర్ణయాన్ని ఇటాలియన్ సిపాయి ఖాతాలో ఎలా రాస్తారు?

తంగేడుపువ్వు

అన్నా, మీరందరు పెద్ద పెద్ద సంగతులు చెప్తున్నరు, నేను మొత్తం చదివిన. నాకు రెండు మాటలు అడగాలె.

ఒకటి. ఈ ఇటాలియన్లను తిట్టే ముచ్చట మొదలు ఎక్కడ పుట్టింది? రెండోది పెద్దది. ఎవరిదన్నా ఆ ఎడారి? ఇంత పెద్ద చర్చల లిబియా మనిషి ఒక్కడు కనిపిస్తలేడు. ఇటలీ 1911ల ఆ దేశం మీద పడ్డది. ఇరవై ఏళ్ళు కొట్లాడిన ఉమర్ ముఖ్తార్‌ను, డెబ్బై ఏళ్ళు దాటిన ముసలాయనను, 1931 సెప్టెంబర్ 16న జనం ముందట ఉరి తీసిండ్రు. తూర్పు లిబియా పశువుల కాపరులను లక్షమంది దాక కంచెల నడుమ పెడితే వేలకు వేలు సచ్చిపోయిండ్రు. మాస్టారు చెప్పిన ఆ తారు రోడ్డు గూడ ఆ పాలనల పడ్డదే. 1942లనే బెంఘాజీ దిక్కు యూదులను రెండు వేల పైచిలుకు మందిని గియాడో అనే క్యాంపుకు తోలిండ్రు, అండ్ల ఐదువందల కంటె ఎక్కువ మంది ఆకలితోని, టైఫస్‌తోని పోయిండ్రు. రోమెల్ కైరో చేరితే వెనుక నుంచి పోయి యూదులను చంపెటందుకు నాజీల ఎస్.ఎస్. దళం ఏథెన్స్‌ల తయారుగ ఉండె, రౌఫ్ అనెటోడు దానికి పెద్ద. "ఎడారిల మర్యాద యుద్ధం" అని రాసెటోళ్ళు ఇవన్ని ఎందుకు రాయరు?

ఆ డబ్బా మీది పేరు చదివినంక నాకు మనసున పట్టలే. ఆ అరబ్బు ఊళ్ళె కూసోనే ఆ మాట అన్నరు గదా.

పాతపటాలు

తంగేడుపువ్వు గారూ, ఆ డబ్బా మాట నేను రాసేటప్పుడు సైనికుల కష్టం చూపించడానికే రాశాను. అందులో ఇంకో మనిషి ఉన్నాడని నాకు తట్టలేదు. మీరు చెప్పాక మళ్ళీ చదివితే వేరేగా కనిపించింది. గియాడో గురించి ఇలాంటి చర్చల్లో ఎవరూ ఎత్తరు, ఎత్తాలి. ఆరియెతే సిపాయి బాగా పోరాడాడని నేనంటే, వాడు పోరాడిన పని మంచిదని అర్థం కాదు. అది స్పష్టంగా ముందే రాయాల్సింది.

మీ మొదటి ప్రశ్నకు సిగ్నల్స్ వారు నాకంటే బాగా చెప్పగలరు.

సిగ్నల్స్‌లో_ఇరవైఏళ్ళు

చెప్తానమ్మా. ఈ తిట్టు పుట్టుకలో రహస్య లిపి పాత్ర పెద్దది.

1941 వేసవిలో ఇటాలియన్ నౌకాదళం వాడే సి-38 అనే యంత్రం లిపిని బ్రిటిష్ వాళ్ళు ఛేదించారు. జర్మన్ వైమానిక దళం సందేశాలు అంతకు ముందే చదువుతున్నారు. ఏ ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది, దేనిలో పెట్రోలుంది, అంతా తెలిసేది. అయితే నేరుగా వెళ్ళి ముంచితే అనుమానం వస్తుంది కదా, అందుకని ముందు ఒక విమానాన్ని ఆ ఓడకు కనపడేలా పంపేవారు, ఆ తరవాత దాడి. అటు జర్మన్లకు ఏమనిపించింది? ఓడలు అంత కచ్చితంగా మునుగుతున్నాయంటే రోములో ఎవరో అమ్ముడుపోయారు అనిపించింది. ఇటాలియన్ అడ్మిరళ్ళు ద్రోహులన్న మాట అక్కడ నాటుకుంది. యుద్ధం ముగిశాక జర్మన్ జనరళ్ళు అదే రాసుకున్నారు, బ్రిటిష్ వాళ్ళు గుట్టు విప్పలేదు. లిపి సంగతి లోకానికి తెలిసింది 1974లో. దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ నింద అలాగే ఉండిపోయింది. పాతపటాలు గారు పెళ్ళిలో విన్న మాటకు వేరు అదే అని నా నమ్మకం.

ఇప్పుడు తిరగేసి చూడండి. రోమెల్‌కు 1942 మొదటి ఆరునెలల్లో శత్రువు ఆలోచన ముందే ఎలా తెలిసింది? కైరోలో అమెరికా సైనిక ప్రతినిధి కర్నల్ ఫెల్లర్స్, బ్రిటిష్ వాళ్ళ బలాబలాలన్నీ శ్రద్ధగా వాషింగ్టన్‌కు పంపేవాడు. ఆయన వాడే లిపిని 1941 సెప్టెంబరులో రోములోని అమెరికా ఎంబసీ నుంచి కాజేసింది ఇటాలియన్ గూఢచారి శాఖ. "ఎడారి నక్క" అని పేరుపడ్డ రోమెల్ చెవులు సగం ఇటలీ ఇచ్చినవే. జూన్ చివర ఆ దారి మూసుకుపోయింది. గుర్రం గారు చెప్పిన జూలై 10 నాడే, ఆ సబ్రాతా వెనకనే మకాం వేసిన జర్మన్ 621వ సిగ్నల్ కంపెనీ, బ్రిటిష్ రేడియోలు వినే కంపెనీ, కాగితాలతో సహా ఆస్ట్రేలియన్ల చేతికి చిక్కింది. అంత విలువైన కంపెనీని ముందు లైనుకు అంత దగ్గరగా ఎవరు పెట్టారు? సబ్రాతా కాదు.

నా సర్వీసులో చూసిన ఒక్క సంగతి చెప్తాను. సెట్ పక్కన కూర్చుని వినేవాడికి ఎదుటివాడు కీ నొక్కే తీరు కొన్నాళ్ళకు గొంతు గుర్తుపట్టినట్టు తెలిసిపోతుంది. అలాంటి చెవులు తయారవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ కంపెనీ పోయాక రోమెల్ కొత్తది తెచ్చుకున్నాడు, కానీ ఆ చెవులు తిరిగి రాలేదు.

ఉక్కుగుర్రం

సిగ్నల్స్ వారికి నమస్కారం. ద్రోహం నింద విషయంలో నేను వెనక్కి తగ్గుతున్నాను. 621 గురించి చదివాను గానీ రెండూ ఒకే రోజని కలిపి ఆలోచించలేదు.

కానీ పదాతి దళం విషయంలో తగ్గను. నవంబరులో అలమైన్ ఓటమి తరవాత ఇటాలియన్లను ఎడారిలో వదిలి జర్మన్లు లారీలెక్కి పారిపోయారని కొందరు రాస్తారు, పాతపటాలు గారు తరవాత అక్కడికే వస్తారని తెలుసు. రామ్‌కే పారాచూట్ బ్రిగేడ్ జర్మన్లదే, వాళ్ళనూ లారీలు లేకుండానే వదిలేశారు. వాళ్ళేం చేశారు? నడిచారు. దారిలో బ్రిటిష్ సరఫరా లారీలను పట్టుకుని ఎక్కారు, ఆరువందలమంది దాకా మళ్ళీ రోమెల్‌ను కలిశారు. అదే దక్షిణ భాగంలో అదే గతి పట్టిన ఇటాలియన్ డివిజన్లు ఎందుకు అలా చేయలేకపోయాయి?

గోదారిగట్టు

నేను చదివి చెప్పేది కాదండీ, విన్నది చెప్తాను. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారని ఇంతసేపూ ఆగాను.

మా తాతగారు మద్రాస్ శాపర్స్‌లో, అంటే పట్టాళం ఇంజనీరింగ్ దళంలో, చేశారు. మాది పశ్చిమ గోదావరి. మా వైపు పల్లెల నుంచి, మాధవరం లాంటి ఊళ్ళ నుంచి అయితే ఇంటికొకరు లెక్కన, ఆ రోజుల్లో పట్టాళంలో చేరేవారు. తాతగారి కంపెనీ నాలుగో ఇండియన్ డివిజన్ వెంట ఉండేది. అలమైన్ పెద్ద పోరాటంలో ఆ డివిజన్ రువైసాత్ గట్టు మీద ఉంది. యుద్ధం గెలిచాక మిగతావాళ్ళంతా పడమటికి తరిమితే, వీళ్ళను వెనక పెట్టి ఎడారి శుభ్రం చేయమన్నారు. విరిగిన బళ్ళు, మందుపాతరలు, శవాలు, ఖైదీలు. తాతగారికి ఆ కోపం చచ్చేదాకా పోలేదు.

మందుపాతర వెతకడం ఆయన మాకు అరుగు మీద కూర్చుని చూపించేవారు. బోర్లా పడుకుని, తుపాకీ బాయ్‌నెట్టు ఏటవాలుగా మట్టిలో గుచ్చాలి. నిటారుగా గుచ్చితే పైమూత మీద పడుతుంది. రాయి తగిలితే ఒక చప్పుడు, ఇనుము తగిలితే వేరే చప్పుడు. ఇనుము తగిలితే చేత్తో మట్టి తీసి, కింద ఇంకోటి కట్టి ఉందేమో వేలు పోనిచ్చి చూడాలి. మా నాయనమ్మ వత్తులు చేసుకుంటూ "ఆ వేళ్ళు మళ్ళీ ఇంటికొచ్చాయి, అది చాలు" అనేది.

ఇప్పుడు గుర్రం బాబాయి గారు అడిగినదానికి. ఆ వారంలో దక్షిణం నుంచి ఇటాలియన్లు వరసలు వరసలుగా వచ్చారట. ఎవరూ పట్టుకోలేదు, వాళ్ళే వచ్చారు. తుపాకులు కొందరికి ఉన్నాయి, గుండ్లు లేవు. "ఆక్వా, ఆక్వా" అన్నారట. అదొక్కటే ఇటాలియన్ మాట మా తాతగారికి వచ్చింది. నాలుక పిడచకట్టి ఆ మాట కూడా సరిగ్గా రాని కుర్రాణ్ణి ఒకణ్ణి చూశారట. సీసా ఇస్తే ఒక గుక్క తాగి, ఇంకోటి తాగకుండా పక్కవాడికిచ్చాడు, ఆ పక్కవాడు ఇంకొకడికి. "మనవాళ్ళయినా అంత కుదురుగా ఇచ్చుకునేవాళ్ళు కాదురా" అనేవారు. నడవమంటే ఎటు నడుస్తారండీ, నీళ్ళు లేకుండా?

పాతపటాలు

గోదారిగట్టు గారూ, ఇది రాసినందుకు మీకు ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు. దీనికి జత ఒకటి ఉంది. అదే ఏడాది మే 27 తెల్లవారుజామున, గజాలా లైను దక్షిణ కొసన ఉన్న బీర్ హకీం పక్కన, 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్ మీద ఆరియెతే పడింది. పట్టుబడినవాళ్ళలో తరవాతి రోజుల్లో మన సైన్యాధిపతి అయిన కుమారమంగళం ఉన్నారు, పాకిస్తాన్ విదేశాంగ మంత్రి అయిన యాకూబ్ ఖాన్ ఉన్నారు. అధికారులను ఉంచుకుని, వందలమంది సిపాయిలను మాత్రం నీళ్ళు ఇవ్వలేక ఎడారిలోకి వదిలేశారు. నాలుగు రోజులకు వాళ్ళు నాలుకలు వాచి బీర్ హకీంలో ఉన్న ఫ్రెంచ్ వాళ్ళ దగ్గరకు చేరారు. వాళ్ళకే నీళ్ళు కొలిచి పోసుకుంటున్న సమయం, అయినా పోశారు. ఆరు నెలలు తిరక్కుండానే అదే దాహం అటువైపు వచ్చింది.

గుర్రం గారూ, రామ్‌కే మనుషుల సాహసం నిజం. కానీ వాళ్ళు బ్రిగేడ్. ఆరువందలమంది ఎక్కడానికి సరిపడా లారీలు దొరికాయి. అక్కడున్న ఇటాలియన్ పదో కోర్‌లో వేలమంది. అంతమందికి దొంగిలించడానికి లారీలు ఎడారిలో లేవు. పైగా నవంబరు 3 మధ్యాహ్నం హిట్లర్ నుంచి ఆజ్ఞ వచ్చింది, ఒక్క అడుగు కదలొద్దు, గెలుపో చావో అని. అప్పటికే వెనక్కి బయల్దేరినవాళ్ళను రోమెల్ ఆపాడు. కాలినడకన వెళ్ళేవాళ్ళకు ఒక రాత్రి, ఒక పగలు ఎంత విలువైనవో మీకు చెప్పక్కర్లేదు. మర్నాడు ఆరియెతేను మూడు పక్కల నుంచి చుట్టుముట్టారు. వాళ్ళ నుంచి చివరగా వచ్చిన రేడియో కబురులో చుట్టుముట్టారనీ, ట్యాంకులు ఇంకా పోరాడుతున్నాయనీ ఉంది. ఆ డివిజన్ మళ్ళీ పలకలేదు.

లెక్కలమాస్టారు

నేనూ ఒకటి సరిదిద్దుకుంటాను. "ఆ దూరంలో ఎవరున్నా ఓడేవారే" అన్నాను. దూరం ఎంచుకున్నది మనిషే కదా. జూన్ 21న ఆ సైన్యం తోబ్రుక్‌లో ఉంది, రేవు పక్కన. ఇంకో ఆరువందల కిలోమీటర్లు లారీల మీద వేసింది సొంత నిర్ణయమే. అంతవరకు పాతపటాలు గారితో ఏకీభవిస్తాను. అయితే ఆగి మాల్టా పట్టినా గెలిచేవారని మాత్రం అనను. తోబ్రుక్ రేవు అప్పటికీ ఆరువందల టన్నులే కదా.

ఉక్కుగుర్రం

నేను ఇప్పటికీ రోమెల్ జూన్‌లో ఆగి ఉండాల్సింది అనుకోను. ఆగినా ఆరు నెలల తరవాత అదే ఓటమి తోబ్రుక్ దగ్గర జరిగేది. ఇటాలియన్ల విషయంలో మాత్రం, 1940లో ఓడినవాళ్ళనూ, 1942లో ఓడినవాళ్ళనూ ఒకే గాటన కట్టాను, అది తప్పు. ట్యునీషియాలో 1943 మే 13న అందరికంటే చివర ఆయుధాలు దించింది ఇదే సైన్యం, అప్పటికి పేరు మొదటి ఇటాలియన్ సైన్యం, నాయకుడు మెస్సే. దాని ముందురోజే జర్మన్ జనరల్ ఆర్నిమ్ లొంగిపోయాడు. ఈ సంగతి తెలిసి కూడా నేను మొదటి పోస్టులో రాయలేదు.

తంగేడుపువ్వు

గోదారిగట్టు అన్నా, మీ తాత ముచ్చట మా అమ్మకు చదివి వినిపించిన. సీసా చేతులు మారిందన్న కాడ ఆమె ఏడ్చింది. ఆయన ఫోటో ఏమన్న ఉన్నదా?

గోదారిగట్టు

ఒకటే ఉందమ్మా, పెళ్ళి ఫోటో, సగం చెద తినేసింది. యూనిఫాంలో లేదు. పే బుక్కు మాత్రం నాయనమ్మ బియ్యం డబ్బాలో దాచింది, అది బాగుంది.

ఎర్రసముద్రం_ఇవతల

ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాను, మొదటిసారి రాస్తున్నాను. గల్ఫ్‌లో ఉద్యోగం. రెండేళ్ళ క్రితం ఈజిప్టు వెళ్ళినప్పుడు అలమైన్ దాకా వెళ్ళాను. రోడ్డు పక్కన ఇటాలియన్లు పెట్టుకున్న రాయి ఉంది. అలెగ్జాండ్రియా 111 కిలోమీటర్లు, అదృష్టం కొరవడింది గానీ పరాక్రమం కాదు అని చెక్కి ఉంటుంది. వాళ్ళ స్మారకం తెల్లని బురుజు, లోపల గోడల నిండా పేర్లు, చాలా పలకల మీద పేరు బదులు "అనామకుడు" అనే. జర్మన్లది కోటలా ఉంటుంది. బ్రిటిష్ కామన్వెల్త్ శ్మశానంలో ఏడు వేలకు పైగా సమాధులు. నాకు తెలియనిది అక్కడ ఇంకోటి కనిపించింది. మతాచారం ప్రకారం దహనం చేసిన మన సిపాయిల పేర్లతో విడిగా ఒక స్మారకం, ఆరువందలకు పైగా పేర్లు. ఎండలో నిలబడి చదివాను. ఊళ్ళ పేర్లు లేవు, పేరూ దళమూ అంతే. శాపర్స్ అని ఉన్న చోట ఆగి ఇందులో మనవాళ్ళెవరో అనుకున్నాను.

గోదారిగట్టు గారూ, డిసెంబరులో మళ్ళీ వెళ్ళే పని ఉంది. మీ తాతగారి కంపెనీ నంబరు పే బుక్కులో ఉంటుంది, చూసి చెప్పండి. ఆ కంపెనీలో తిరిగి రానివాళ్ళ పేర్లు ఆ గోడ మీద ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెడతాను.